చందమామ ఉన్నందుకు తిప్పి పంపారు: కవితా సంకలనం సంపాదక వర్గానికి బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల కవుల సంకలనం తెస్తున్న సంపాదక వర్గం పెద్దలకు,

నమస్కారం.

మీలో ఇద్దరు నా దగ్గర పదో తరగతి చదువుకున్నవాళ్లే. ఎక్కడైనా చనువు తీసుకుంటే ఏమీ అనుకోవద్దు. మీరు నెత్తికెత్తుకున్న పని ఎంత కష్టమో నాకు తెలుసు. చందాలు అడగాలి, డీటీపీ చేసేవాళ్ల చుట్టూ తిరగాలి, ఫలానాయన కవిత ముందు వేసి నాది వెనక వేశారేమని అలిగినవాళ్లను బుజ్జగించాలి. ఇవన్నీ ఒకప్పుడు నేనూ పడ్డాను. కోపంతో రాస్తున్న లేఖ కాదిది. కోపం మొదటి రెండు రోజులు ఉండింది, తర్వాత తగ్గింది.

మీరు వాట్సాప్‌లో పంపిన ప్రకటనలో నాలుగో వాక్యం గురించే నా బాధ. "భావకవిత్వం, ప్రేమ, ప్రకృతి వర్ణనలు స్వీకరించబడవు" అని ఉంది. 'తీసుకోము' అంటే సరిపోయేది, కానీ అది నా పాత చాదస్తం, వదిలేయండి. ఆ వాక్యం పుణ్యాన మీరు తిప్పి పంపిన ఒక కవిత నా దగ్గరికి వచ్చింది. రాసిన అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. మర్రిగూడ వైపు ఊరు.

కవితలో ఉన్నది ఇంతే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నాయనమ్మ నడుము వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది. తలెత్తి ఆకాశం చూసి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. పున్నమి రాత్రి మనవరాలు సిల్వర్ తాంబాళంలో నీళ్లు పోసి వాకిట్లో ఆమె కాళ్ల ముందు పెడుతుంది. నీళ్లలో చందమామ కనబడుతుంది. ముసలామె చాలాసేపు చూస్తుంది. చూసి, "ఇవి బోరు నీళ్లా, నల్లా నీళ్లా బిడ్డా?" అని అడుగుతుంది. కవిత అక్కడ ఆగుతుంది.

చందమామ కావాలని ఏడ్చిన చిన్ని రాముడికి అద్దంలో చూపించిన కథ మనందరికీ తెలుసు. ఆ కథను ఈ పిల్ల తిరగేసింది. చూపించేది చిన్నది, చూసేది పెద్దది. అద్దం ఉండాల్సిన చోట, ఆమెను వంచిన నీళ్లే ఉన్నాయి. నలభై ఏళ్లు తెలుగు చెప్పాను, ఇలాంటి చూపు పిల్లల్లో రెండు మూడు సార్లు చూశానేమో.

మీరు పంపిన జవాబు: "బాగుంది అమ్మా, కానీ చందమామ, వెన్నెల ఉన్నాయి, భావకవిత్వం ధోరణి. సామాజికాంశంతో ఇంకొకటి పంపు."

అయ్యా, మర్రిగూడలో ఒంగిపోయిన నడుము సామాజికాంశం కాకపోతే ఇంకేది?

'భావకవిత్వం' అనే మాట మన దగ్గర తిట్టు ఎలా అయిందో నాకు తెలియనిది కాదు. ఆ తిట్టులో సగం న్యాయం ఉంది. రాయప్రోలు తృణకంకణం 1913 ప్రాంతంలో వచ్చింది. కృష్ణశాస్త్రి కృష్ణపక్షం 1925లో వచ్చింది. వాళ్ల తర్వాత వాళ్ల నీడలు ఊరికొకడు తయారయ్యారు. జుట్టు పెంచడం, కండువా వేయడం, లేని ప్రేయసి కోసం కన్నీరు కార్చడం. దాచుకోవడం దేనికి, దేవరకొండలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక నోటుబుక్కు నిండా ఊర్వశికి ఉత్తరాలు రాశాను. అప్పటికే నాకు పెళ్లయింది. నా భార్య ఆ నోటుబుక్కు చదివి, "ఈమె బియ్యంలో రాళ్లు ఏరుతదా?" అని అడిగింది. ఆ ప్రశ్న ముందు నా కాల్పనికత నిలవలేదు. నోటుబుక్కు ఇప్పటికీ ఉంది, బయటికి తీయను.

కాబట్టి ఆ రకం కవిత్వాన్ని మీరు దూరం పెడతానంటే నేనే ముందు చప్పట్లు కొడతాను. అయితే మీ వాక్యం దాన్ని ఆపలేదు, ఈ పిల్లను ఆపింది. ఎందుకంటే మీరు చందమామను చూశారు, ఎవరి చందమామో చూడలేదు. ఆ తేడా తెలియాలంటే రొమాంటిసిజం అనే ఉద్యమం దేనిమీద తిరగబడిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. (రొమాంటిక్ అంటే సినిమాలో వానపాట అనుకునే కాలం కాబట్టి 'కాల్పనికోద్యమం' అందాం.)

అంతకుముందు మన దగ్గర ఏలింది ప్రబంధం. అష్టాదశ వర్ణనలు మీకు వల్లె వేయించినవాణ్ని నేనే. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం... అందులోనూ చందమామ ఉన్నాడు. కానీ ఆ చంద్రుడు ఒక ఊరివాడు కాదు, ఒక రాత్రివాడు కాదు. పద్దెనిమిది అంశాల జాబితాలో ఒకడు. వర్ణన పూర్తయితే కవి పాండిత్యం తెలుస్తుంది, ఆ రాత్రి వాకిట్లో ఎవరు కూర్చున్నారో తెలియదు. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరొచ్చింది ఆ పాండిత్యం వల్లనే. వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు తిరుపతి వేంకట కవులు వచ్చి అవధానాలు చేసి సన్మానాలు పొందింది ఆ సంప్రదాయంలోనే. ఆ పద్యాల్లో ధార ఉంది, నిబ్బరం ఉంది. ముసలామె మాత్రం లేదు. ఉన్నా దూతికగానో, దాదిగానో ఉంటుంది. ఆమె నడుము నొప్పి గురించి సీసపద్యం ఉండదు.

ఇంగ్లీషులోనూ 18వ శతాబ్దమంతా కథ దాదాపు ఇదే. పోప్ అనే కవి ద్విపదలు చెక్కినట్టుంటాయి. కవిత్వానికి ఒక భాష, బజారుకు ఒక భాష. బొమ్మల్లో చూడాలంటే ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ 1784లో వేసిన హొరేషియస్ సోదరుల ప్రతిజ్ఞ చూడండి. ముగ్గురు అన్నదమ్ములు తండ్రి పట్టుకున్న కత్తుల వైపు చేతులు చాచి నిలబడతారు, స్కేలు పెట్టి గీసినట్టు. ఏడుస్తున్న ఆడవాళ్లు ఒక మూలకు ఒరిగి ఉంటారు. కర్తవ్యం నడిమధ్యన, కన్నీళ్లు పక్కన. అది ఆ కాలం తీర్పు.

ఆ మూలన ఉన్నవాళ్లను మధ్యకు తెచ్చిందే కాల్పనికోద్యమం. 1798లో 28 ఏళ్ల వర్డ్స్‌వర్త్, ఆయనకంటే రెండేళ్లు చిన్న కోల్‌రిడ్జ్ కలిసి తమ పేర్లు కూడా వేయకుండా 'లిరికల్ బాలడ్స్' అనే కవితల పుస్తకం తెచ్చారు. రెండో ముద్రణకు 1800లో వర్డ్స్‌వర్త్ ఒక పెద్ద ముందుమాట రాశాడు. పల్లెటూరి మామూలు మనుషుల బతుకులు, వాళ్లు నిజంగా మాట్లాడుకునే భాష కవిత్వానికి చాలునన్నాడు. మన గిడుగు రామమూర్తి ఇరవయ్యో శతాబ్దంలో పోరాడింది కూడా ఇలాంటి మాట కోసమే. ఈ అమ్మాయి కవితలో "బోరు నీళ్లా, నల్లా నీళ్లా బిడ్డా" అనే మాట ఉన్నదున్నట్టు నిలబడిందంటే, ఆ తలుపు ఎవరో ముందే తెరిచి పెట్టారు కాబట్టి.

ఆ 1800 పుస్తకంలోనే ఒక ముసలి బిచ్చగాడి మీద పద్యం ఉంది. మీరందరూ ఒక్కసారి చదవాలి. ఆయన విల్లులా వంగిపోయిన మనిషి. కళ్లు ఎప్పుడూ నేలమీదే. కొండలు, పొలాలు, ఆకాశం ఆయనకు లేవు. జానెడు నేలే ఆయన లోకం. నడుస్తుంటే ఆ జానెడు కూడా ఆయనతో నడుస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఏదో దూరదేశపు ముసలాయన అనిపించాడు. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఎన్నికల డ్యూటీ చేసి వచ్చాక మళ్లీ చదివితే, క్యూలో నిలబడి నేలను చూస్తున్న మనుషులు కనిపించారు. మన గ్రానైటు రాళ్ల కింది నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటితే ఏమవుతుందో మనకు పాఠ్యపుస్తకం చెప్పక్కర్లేదు. ఆ నీళ్లను పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పెట్టారు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. నల్లా వచ్చినంత మాత్రాన వంగిన ఎముక నిలబడదు.

ఆ పద్యంలో వర్డ్స్‌వర్త్ ఉన్నట్టుండి రాజకీయ నాయకుల వైపు తిరుగుతాడు. ఈ మనిషిని పనికిరానివాడు అనుకోకండి, పనిగృహం అనే జైల్లో వేయకండి అని పిలిచి మరీ చెబుతాడు. ప్రకృతి వర్ణన మధ్యలో అధికారంలో ఉన్నవాళ్లకు ఒక బహిరంగ లేఖ అన్నమాట. అంతా ఒప్పుకుంటానా అంటే, లేదు. ఊరివాళ్లలో దయ నిలబెట్టడానికి ఆ బిచ్చగాడు ఉపయోగపడుతున్నాడు, కాబట్టి అడుక్కోనివ్వండి అన్న వాదన నాకు మింగుడు పడదు. మన మంచితనం కోసం ఒకరు ఆకలితో తిరగాలా?

ఇక్కడే శ్రీశ్రీ ఆయనకంటే ముందుకు వెళ్లాడు. మహాప్రస్థానంలో 'భిక్షువర్షీయసి' మీకు నోటికి వచ్చు, నేనే అప్పజెప్పించుకున్నాను. దారి పక్క చెట్టు కింద ముసలవ్వ. ఆమె చస్తే ఆ పాపం ఎవరిది అన్న ప్రశ్న. దయ గురించి కాదు, బాధ్యత గురించి అడిగాడు. అభ్యుదయ కవిత్వం తెచ్చిన మలుపు అది, దాని విలువ నేను తగ్గించను. కానీ ఆ ప్రశ్న ఎవరు అడుగుతారో గుర్తుందా? కవి అడగడు. సభలో ఉపన్యాసకుడు అడగడు. గాలి అడుగుతుంది. వెర్రిగాలి ప్రశ్నిస్తూ వెళ్లిపోతుంది. గాలికి నోరిచ్చి మనిషి బాధ పలికించడం కాల్పనికుల దగ్గర నేర్చిన విద్య. శ్రీశ్రీ మొదటి పుస్తకం ప్రభవ 1928లో వచ్చింది. ఆయన కూడా ఆ బడిలో కూర్చుని లేచినవాడే. మీ నాలుగో వాక్యం ప్రకారం 'భిక్షువర్షీయసి'ని తిప్పి పంపాలి. గాలి ఉంది, చెట్టు ఉంది, తొండ కూడా ఉంది.

మన భావకవులు ఇంగ్లీషు కాల్పనికుల దగ్గర వెన్నెల తెచ్చుకుని మగ్గం వదిలేశారని నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు. బైరన్ అంటే మనకు ప్రేమలు, అందగాడు, కుంటికాలు. ఆయన ప్రభువుల సభలో మొదటిసారి లేచి మాట్లాడింది 1812 ఫిబ్రవరి 27న. అప్పుడు 24 ఏళ్లు. ఏం మాట్లాడాడు? నాటింగ్‌హామ్‌లో కొత్త మగ్గాలు వచ్చి పని పోయిన నేతగాళ్లు ఆ మగ్గాలు విరగ్గొడుతుంటే, విరగ్గొట్టినవాళ్లకు ఉరిశిక్ష వేయాలని బిల్లు పెట్టారు. ఆ బిల్లుకు ఎదురుగా నిలబడి మాట్లాడాడు. పోచంపల్లి, పుట్టపాక నేతవాళ్ల మధ్య పుట్టి పెరిగిన పిల్లలకు బైరన్‌ను నేను ఇటునుంచే పరిచయం చేసేవాణ్ని. ప్రేమకవితల దాకా పోకముందే వాళ్లకు ఆయన మనవాడైపోయేవాడు.

షెల్లీ సంగతీ అంతే. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో ఓటుహక్కు అడగడానికి వచ్చిన జనం మీద గుర్రపు దళాన్ని తోలారు. ఇటలీలో ఉన్న షెల్లీకి ఆ కబురు తెలిసి పద్యం రాశాడు. అచ్చువేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆయన 1822లో మునిగి చనిపోయాడు, పద్యం 1832లో బయటికొచ్చింది. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య పడిపోయినప్పుడు పుట్టిన పాటలకు పదమూడేళ్లు ఆగే పని లేకపోయింది. జనం నోరే అచ్చుయంత్రం. సుద్దాల హనుమంతు పశులు కాసే పిల్లగాణ్ని ముద్దుగా పిలిచి పాడిన పాట వినండి. ఆ పిలుపులో ఉన్న లాలన తీసేస్తే పాటలో ఏముంటుంది? లండన్‌లో పొగగొట్టాలు తుడిచే పసివాళ్ల గురించి బ్లేక్ రాసిన పద్యాల్లోనూ ఆ లాలనే ఉంది. కోపం పసివాడి గొంతులోంచి వస్తుంది కాబట్టి మనకు తప్పించుకునే దారి ఉండదు. హనుమంతు బ్లేక్‌ను చదివాడని కాదు నా ఉద్దేశం. గొల్లసుద్దులు, బుర్రకథ ఆయనకు చాలు.

పాలమూరు మిత్రులకు ఒక పద్యం గురించి విడిగా చెప్పాలి. కల్వకుర్తిలో పనిచేసినప్పుడు సాయంత్రం పూట దాన్ని తెలుగులో కథలా చెప్పేవాణ్ని. పేరు మైకేల్. ఇదీ 1800 పుస్తకంలోదే.

మైకేల్ గొర్రెల కాపరి. వయసు ఎనభై దాటింది. కొండ కింద ఇల్లు, కొంచెం భూమి, భార్య, లేకలేక పుట్టిన ఒక్క కొడుకు. ఎప్పుడో అన్నదమ్ముల పిల్లవాడికి జామీను ఉన్నాడు. వాడు దెబ్బతిన్నాడు, జామీను ఈయన మెడకు చుట్టుకుంది. ఆస్తిలో సగం పోవాలి. భూమి అమ్మడానికి మనసు రాదు. కొడుకును పట్నంలో ఉన్న చుట్టం దగ్గరికి పంపి సంపాదించి తెమ్మందాం అనుకుంటారు. ఎల్లిపోయే ముందు తండ్రి కొడుకును వాగు ఒడ్డుకు తీసుకుపోతాడు. అక్కడ గొర్రెల దొడ్డి కట్టడానికి రాళ్లు కుప్పపోసి ఉన్నాయి. మొదటి రాయి నువ్వు పెట్టు, మిగతాది నేను కడతాను, నువ్వొచ్చేసరికి అయిపోతుంది అంటాడు. కొడుకు రాయి పెట్టి పోతాడు. మొదట మంచి ఉత్తరాలు వస్తాయి. తర్వాత పట్నంలో వాడు చెడిపోతాడు, సముద్రం దాటి పారిపోతాడు. ముసలాయన ఆ తర్వాత ఏడేళ్లు బతుకుతాడు. అప్పుడప్పుడూ దొడ్డి దగ్గరికి పోతాడు. ఎన్నో రోజులు ఒక్క రాయి కూడా ఎత్తకుండా తిరిగి వస్తాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆయన పోయాక, భార్య కూడా పోయాక, భూమి పరాయివాళ్ల పాలవుతుంది. దొడ్డి రాళ్లు మాత్రం వాగు పక్కన అట్లనే ఉంటాయి.

ఒకసారి ఇది చెప్పి ముగించాక వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. "సార్, వాళ్లు బొంబాయి బస్సుకు పోయిండ్రా?" అన్నాడు. క్లాసు నవ్వలేదు. అందులో సగం మంది ఇళ్లకు తాళాలే. తల్లిదండ్రులు గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయినవాళ్లు, అవ్వతాతల దగ్గర పెరుగుతున్నవాళ్లు. ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల గురించి లెక్కలు, నివేదికలు, వ్యాసాలు చాలా ఉన్నాయి. రాయి ఎత్తకుండా తిరిగొచ్చిన తండ్రి ఆ నివేదికల్లో ఉండడు. ఆయన్ను పట్టుకోవడానికి కవి కావాలి. వాగు, కొండ, గొర్రెలు, చీకటి కావాలి, అంటే మీరు వద్దన్న ప్రకృతి వర్ణన కావాలి.

వర్డ్స్‌వర్త్ ఈ పుస్తకాన్ని 1801 జనవరిలో ఫాక్స్ అనే పెద్ద రాజకీయ నాయకుడికి ఉత్తరం రాసి మరీ పంపాడు. చిన్న రైతుల ఇళ్లు ఎట్లా చెదిరిపోతున్నాయో, కొంచెం భూమి ఉన్న మనిషికి ఇల్లూ వాకిలీ మీద ఎంత పాశం ఉంటుందో చూడండి అని అందులో రాశాడు. సామాజిక స్పృహ ఇది కాకపోతే ఏది? (తర్వాత్తర్వాత ఆయనే సర్కారు స్టాంపుల ఉద్యోగం తీసుకుని, 1843లో ఆస్థానకవి కూడా అయ్యాడు. మన దగ్గరా అలాంటివాళ్లు లేకపోలేదు. పేర్లు వద్దు.)

మీ ముందుమాటలో గోరటి వెంకన్నను ఆకాశానికి ఎత్తబోతున్నారని విన్నాను. ఎత్తాల్సిందే. తెలకపల్లి గడ్డ మీద పుట్టి వల్లంకి తాళంతో సాహిత్య అకాడమీ దాకా వెళ్లినవాడు. కానీ ఆయన పాటలో వాగు ఎండిపోయినప్పుడు మనకు గుండె ఎందుకు పట్టేస్తుంది? ఆ వాగును ఆయన ప్రేమించాడు కాబట్టి. ఆ పాటను పేరు తీసేసి మీ వాట్సాప్ నంబరుకు పంపితే ప్రకృతి వర్ణన అని తిప్పి పంపుతారేమో అని నాకు టెన్షన్.

ఇక బొమ్మల మాట కొంచెం. సంకలనానికి లోపలి బొమ్మలు వేయిస్తున్నారట, అక్కడా ఇదే గిరి గీస్తారేమో అని భయం. 1816లో మెడూసా అనే ఫ్రెంచి ఓడ ఆఫ్రికా తీరంలో ఇసుకదిబ్బకు తగిలింది. ఏళ్ల తరబడి ఓడ నడపని మనిషిని రాజుగారి వాడని కెప్టెన్‌గా వేశారు. పడవలు చాలక దాదాపు 150 మందిని తెప్ప మీదికి ఎక్కించి, తాళ్లు కోసి వదిలేశారు. పదమూడు రోజుల తర్వాత దొరికింది 15 మంది. జెరికో అనే కుర్రవాడు బతికినవాళ్లను కలిసి అడిగాడు, తెప్ప నమూనా కట్టించుకున్నాడు, శవాలను చూసి బొమ్మలు గీసుకున్నాడు. 1819లో గోడంత కాన్వాసు మీద ఆ తెప్ప వేసి జనం ముందు పెట్టాడు. అందరికంటే ఎత్తున నిలబడి గుడ్డ ఊపేది ఒక నల్లజాతి మనిషి. ఇది కాల్పనికోద్యమపు బొమ్మ. సర్కారు సిగ్గుపడింది.

అదే సమయంలో వాస్తవికవాదం ఎందుకు రావాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. జెరికో బొమ్మలో చచ్చేవాళ్ల ఒళ్లు కూడా గ్రీకు శిల్పాల్లా బలిసి ఉంటాయి. పదమూడు రోజులు తిండి లేనివాళ్లకు ఆ కండలు ఎక్కడివి? కుర్బే 1849లో రాళ్లు కొట్టేవాళ్లను వేశాడు. ఒక ముసలివాడు, ఒక కుర్రవాడు. ఇద్దరి మొహాలూ సరిగ్గా కనిపించవు. చిరిగిన బట్టలు, సుత్తె, రాళ్లు. తుఫాను లేదు, మెరుపు లేదు, జాలిపడండి అని చెప్పే వెలుగు కూడా లేదు. ఈ ముసలివాడి చోటికి ఆ కుర్రవాడు వస్తాడని, ఆ కుర్రవాడి చోట ఒకప్పుడు ఈ ముసలివాడే ఉన్నాడని మనకే తడుతుంది. రోడ్డు పక్కన రాళ్లు కొట్టే వడ్డెర కుటుంబాలను చూసిన కళ్లకు ఆ బొమ్మ వివరించాల్సిన పని లేదు. 1945లో యుద్ధంలో అది నాశనమైంది, ఫొటోలే మిగిలాయి. ఈ రెండింట్లో ఒకటే ఉంచుకోమంటే నేను కుర్బేనే ఉంచుకుంటాను. కానీ ఒకటే ఉంచుకోమని నన్ను ఎవరూ అడగలేదు. మిమ్మల్నీ ఎవరూ అడగలేదు.

తర్వాత వచ్చిన ఇంప్రెషనిజం, సర్రియలిజం జోలికి పోను, లేఖ పొడవవుతుంది. ఒక్క ముచ్చట మాత్రం. జర్మనీ చిత్రకారుడు ఫ్రీడ్రిష్ వేసిన ఒక బొమ్మలో కొండకొమ్మున నిలబడిన మనిషి మనకు వీపు పెట్టి పొగమంచును చూస్తుంటాడు. ఆదివారం పూట భువనగిరి గుట్ట ఎక్కి చూడండి, కెమెరాకు వీపు పెట్టి దూరానికి చూస్తూ ఫొటో దిగని పిల్లవాడు ఒక్కడుంటే చెప్పండి. వాళ్లకు ఆ జర్మన్ పేరు తెలియదు. రెండు వందల ఏళ్లయినా ఆ భంగిమ చావలేదు. మీ నాలుగో వాక్యంతో చస్తుందా?

నాకు నిజంగా బరువుగా అనిపించే అభ్యంతరం వేరే ఉంది. దాన్ని మీలో ఒకరే, దళిత కవి, నాతో ఫోన్లో అన్నారు. "సార్, మీ వాగు ఒడ్డు మాకు లేకుండె. మా తాతను బాయి దగ్గరికి రానియ్యలే. మీ పల్లె అందం మాకెందుకు?" నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెను పొగిడేవాళ్లను ఉతికి ఆరేశారు. పల్లె అంటే సంకుచితత్వం, అజ్ఞానం కాదా అని అడిగారు. కాల్పనికులు చేసిన పెద్ద తప్పు అదే. పల్లెను దూరంనుంచి చూసి ముద్దుచేశారు. మైకేల్ ఊళ్లో కాపరికి కనీసం సొంత భూమి ఉంది. మన ఎంకిపాటల అందమైన పల్లెలో వాడ ఎక్కడుందో వెతికితే దొరకదు. కాబట్టి ఒక కవి చెరువు మీద రాస్తే, ఆ చెరువులో ఎవరు దిగొచ్చు, ఎవరు దిగకూడదు అని అడిగే హక్కు మీకుంది. అడగండి, గట్టిగా అడగండి. పానగల్ ఉదయసముద్రం మీద ఎవరైనా సూర్యాస్తమయం వర్ణిస్తే, ఆ గట్టు మీద తట్ట మోసినవాళ్లు ఏరని అడగండి. ఆ ప్రశ్నతో నిలబడని కవితను తీసేయండి. కవిత చదివి తీసేయండి. పేరు చూసి, మాట చూసి తీసేయొద్దు. అన్నట్టు, ఫోన్ చేసిన ఆ దళిత కవి తర్వాత నాకు తన కొత్త కవిత చదివి వినిపించారు. తాతను రానివ్వని బావిలో పడిన వెన్నెల గురించి. నేను ఏమీ అనలేదు, ఆయనా కాసేపు ఏమీ అనలేదు.

దిగంబర కవులను మీరు ఎంతో గౌరవిస్తారు. భువనగిరి పక్క వీరవెల్లి నుంచి వెళ్లిన నిఖిలేశ్వర్ వాళ్లలో ఒకరు. 1965లో అర్ధరాత్రి హైదరాబాదు రోడ్డు మీద రిక్షా కార్మికుడి చేత పుస్తకం విడుదల చేయించడం, పుట్టినప్పుడు పెట్టిన పేర్లు పారేసి కొత్త పేర్లు పెట్టుకోవడం, వారాలకూ ఋతువులకూ కూడా కొత్త పేర్లు పెట్టడం ఇవన్నీ ఏమిటి? లోకాన్ని మొదటినుంచి మళ్లీ మొదలుపెడతామనే ఆవేశం. బైరన్, షెల్లీ బతికుంటే ఆ రాత్రి అక్కడికి వచ్చేవాళ్లు. దిగంబర కవులు భావకవిత్వాన్ని తిట్టారు నిజమే. కొడుకు తండ్రిని తిట్టినట్టు తిట్టారు. ముక్కు మాత్రం తండ్రిదే.

చివరగా మన సురవరం ప్రతాపరెడ్డిగారిని తలుచుకోవాలి. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా అని ఒకాయన రాస్తే, ఇటికాలపాడు బిడ్డ 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మందిని చూపించాడు. ఒకే రకం కవిత్వం కావాలని ముందే గిరి గీసి ఉంటే ఆ లెక్క తేలేది కాదు, ఆ మాట అన్నవాడి నోరు మూతపడేది కాదు. మీ ప్రకటన మొదట్లో ఆయన ఫొటో వేశారు. ఫొటో కింద మూడు వాక్యాలు దాటితే ఆ నాలుగో వాక్యం.

నేను అడిగేది చిన్నది. ఆ వాక్యం తీసేసి ప్రకటన మళ్లీ పంపండి. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. తిప్పి పంపిన కవితలన్నీ ఒకసారి ముందరేసుకుని చదవండి. వాటిలో చాలావరకు నా ఊర్వశి నోటుబుక్కు లాంటివే ఉంటాయి, అవి పోనీ. ప్రూఫులు దిద్దే పని ఉంటే నాకు పంపండి, కళ్లద్దాలు కొత్తగా మార్పించాను.

ఆ అమ్మాయి మాత్రం ఇక పంపనంటోంది. మీ జవాబు వచ్చిన రోజు చందమామ తీసేసి, ఆ చోట వీధిలైటు పెట్టి తిరగరాసిందట. నాకు చదివి వినిపించింది. "ఎట్లుంది సార్?" అని అడిగింది. నేను చెప్పకముందే తనే కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "మా నాయనమ్మ వీధిలైటును గుర్తుపట్టలే సార్. తాంబాళంల నీళ్లు పారబోయమంది" అంది.

ఇట్లు,
మీ పాత తెలుగు సారు,
రామగిరి, నల్లగొండ